రొయ్యల పెట్టెకున్న చట్టం ఊరికి లేదు

విశాఖ కంటైనర్ టెర్మినల్ నుంచి అమెరికా బయల్దేరే రొయ్యల పెట్టెను కాస్త దగ్గరగా చూడాలి. లోపల మైనస్ 18 డిగ్రీల చలిలో వనామి రొయ్య అట్టపెట్టెల్లో గడ్డకట్టి ఉంటుంది. తలుపుకు సీలు, వెనక కరెంటు ప్లగ్గు. దాని వెంట నడిచే కాగితాల్లో ఒక నంబరు ఉంటుంది. రొయ్యను ఒలిచి, కడిగి, గడ్డకట్టించిన ఫ్యాక్టరీ అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదైందని చెప్పే నంబరు అది. ఓడ అక్కడి రేవు చేరడానికి కనీసం 8 గంటల ముందే సరుకేమిటి, ఎంత, ఎవరు తయారుచేశారు, ఎవరు పంపారు, ఏ రేవులో దిగుతుంది అన్న వివరాలు ఆ సంస్థకు అందాలి. అందకపోతే పెట్టె అక్కడే ఆగిపోతుంది. భీమవరం దగ్గర చెరువు గట్టు మీద నిలబడి మేత చల్లే రైతుకు ఈ తతంగమంతా తెలియకపోవచ్చు. కానీ ఆయన పంట రెండు దశాబ్దాలుగా లోబడి నడుస్తున్నది జీవ ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడానికి పుట్టిన ఒక చట్టానికి. ‘ప్రజారోగ్య భద్రత, జీవ ఉగ్రవాద సన్నద్ధత, ప్రతిస్పందన చట్టం’ అని దాని పేరు. అమెరికా 2002 జూన్‌లో చేసింది. 2003 డిసెంబరు నుంచి దాని నమోదు నిబంధన మన ఫ్యాక్టరీలకూ వర్తిస్తోంది. సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసే రేవుల్లో విశాఖ ముందు వరుసలో ఉంది కాబట్టి, జీవ ఉగ్రవాదం పేరు పెట్టుకున్న చట్టం రోజువారీగా అమలయ్యే ఊరు మన దేశంలో ఏదని వెతికితే ముందు విశాఖే తగులుతుంది. కాకపోతే అది మన పార్లమెంటు చేసిన చట్టం కాదు, మన ఊరి మనుషుల కోసం చేసిందీ కాదు.

ఆ చట్టం ఊరికే పుట్టలేదు. 2001 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమెరికాలో పత్రికా కార్యాలయాలకు, ఇద్దరు సెనేటర్లకు ఆంత్రాక్స్ బీజాలు నింపిన ఉత్తరాలు వెళ్లాయి. 22 మంది జబ్బుపడ్డారు, అయిదుగురు చనిపోయారు. పోస్టాఫీసు ఉద్యోగులే ప్రాణాలు పోగొట్టుకోవడంతో దేశం వణికిపోయింది. ఏడాది తిరగకముందే వచ్చిన చట్టంలో దోషిని శిక్షించే మాటలకంటే ప్రభుత్వం ఏమేం సిద్ధం చేసుకోవాలన్న మాటలే ఎక్కువ. రాష్ట్రాలకు, ఆస్పత్రులకు నిధులు, మందులు, టీకాల జాతీయ నిల్వ, ప్రమాదకర సూక్ష్మజీవులను దాచుకునే ప్రతి ప్రయోగశాల నమోదు, దిగుమతయ్యే ఆహారం మీద కన్ను, 3,300 మందికి మించి నీళ్లిచ్చే ప్రతి నీటి వ్యవస్థలో లోపాల లెక్క. ఇవన్నీ ఆపద రాకముందు చేయాల్సిన పనులు. ఎవరు చేయాలో, ఎప్పటిలోగా చేయాలో అందులో రాసి ఉంది. మన రొయ్యకు నంబరు పడింది ఆ జాబితాలో ఒక మూల నుంచే.

అలాంటి ఆపదే విశాఖకు వస్తే మన అధికారి ఏ పుస్తకం తెరుస్తాడు? 1897 నాటి అంటువ్యాధుల చట్టం. 1896లో బొంబాయి రేవులో ప్లేగు అడుగుపెట్టాక, మరుసటి ఫిబ్రవరిలో ఆదరాబాదరాగా చేసిన చట్టమది. మొత్తం నాలుగు సెక్షన్లు. రాష్ట్రానికి అవసరమనిపించిన ఏ చర్యైనా తీసుకునే అధికారం, రేవులకొచ్చే ఓడలను తనిఖీ చేసే అధికారం, మాట వినని వాడికి శిక్ష, చర్య తీసుకున్న అధికారికి రక్షణ. అంతే. రోగికి దక్కేదేమిటో, ప్రభుత్వం ముందుగా చేసి ఉంచాల్సిందేమిటో ఒక్క ముక్క లేదు. ఆ చట్టం చేసిన ఏడాదే ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. అంటే చట్టం రాసే నాటికి దోమ మలేరియాను మోస్తుందన్న సంగతే రుజువు కాలేదు. అధికారం మాత్రమే ఉండి బాధ్యత లేని చట్టం ఎలా నడుస్తుందో ఆ ఏడాదే పుణేలో తేలిపోయింది. సోదాల పేరుతో సిపాయిలు ఇళ్లలోకి చొరబడ్డారు, జనం రగిలిపోయారు, ప్లేగు కమిషనర్ వాల్టర్ రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చి చంపారు. ప్లేగు మాత్రం ఆగలేదు.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు మన రాష్ట్రం నిబంధనలు జారీ చేసిందీ ఈ చట్టం కిందే. ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, సెప్టెంబరులో దాన్ని చట్టంగా మార్చి, వైద్య సిబ్బంది మీద దాడి చేసేవారికి అయిదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది. ఓడలతో పాటు బస్సులు, రైళ్లు, విమానాల తనిఖీకీ అధికారం వచ్చింది. అవసరమైన సవరణలే. కానీ అవీ శిక్షలూ అధికారాలే. అంతకుముందు 2017 ఫిబ్రవరిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ముసాయిదా బిల్లును అభిప్రాయాల కోసం ప్రజల ముందు పెట్టింది. అంటువ్యాధులు, జీవ ఉగ్రవాదం, విపత్తుల నివారణ, నియంత్రణ, నిర్వహణ అని దాని పేరులోనే ఉంది. 1897 చట్టాన్ని రద్దు చేసి దాని చోట రావాల్సిన బిల్లు అది. చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ నివేదికలో పాత చట్టం నేటి అవసరాలకు చాలదని, విస్తృతంగా సవరించాలని లేదా కొత్త చట్టం చేయాలని తేల్చి చెప్పింది. పాత చట్టాలు మార్చడానికి పార్లమెంటుకు తీరిక లేక కాదు. 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 1908 నాటి ఓడరేవుల చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. రేవుకు కొత్త చట్టం దొరికింది, రేవులోంచి దిగే రోగానికి మాత్రం పాతదే మిగిలింది.

మనకు జీవాయుధాల మీద చట్టాలే లేవనుకుంటే పొరపాటు. జీవాయుధాల నిషేధ ఒప్పందాన్ని మనం 1974లోనే ఆమోదించాం. 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం ప్రకారం జీవాయుధం తయారు చేసినా, దగ్గర ఉంచుకున్నా, రవాణా చేసినా అయిదేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా శిక్ష వేయవచ్చు. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలో ఉగ్రవాద చర్యకిచ్చిన నిర్వచనంలోనే జీవ పదార్థాల ప్రస్తావన ఉంది. 2025 నవంబరులో హైదరాబాద్‌లో ఉండే ఒక వైద్యుణ్ని గుజరాత్ ఏటీఎస్ అరెస్టు చేసింది. ఆముదపు గింజలోని రైసిన్ అనే విషాన్ని తయారుచేసే ప్రయత్నంలో ఉన్నాడన్నది ఆరోపణ. నిజమేమిటో కోర్టులో తేలాలి. నేరం జరగకముందే పోలీసులు ఒక మనిషిని పట్టుకోవడానికి చాలినంత చట్టం మన దగ్గర ఉందని ఆ కేసు చూపిస్తోంది. పోలీసుకు తెలియకుండా జరిగిపోయిన దాని సంగతి అలా కాదు. అప్పుడు మొదట కనిపించేది నేరస్థుడు కాదు, జ్వరంతోనో మూర్ఛతోనో ఆస్పత్రి మెట్లెక్కిన రోగి. పట్టుకోవడానికి మనకు చట్టం ఉంది, పసిగట్టడానికి లేదు.

పసిగట్టడం ఎంత కష్టమో ఆంత్రాక్స్ చరిత్రే చెబుతుంది. మన పల్లెల్లో దొమ్మ అనే పశువుల జబ్బు ఇదే. అరకు, హుకుంపేట వైపు గిరిజన గూడేల్లో చచ్చిన పశువు మాంసం కోసుకుని తిన్నవారికి చేతుల మీద నల్లటి పుండ్లు లేవడం, వారు విశాఖ కేజీహెచ్‌కు చేరడం, ఆంధ్రా మెడికల్ కాలేజీలో నమూనాలు పరీక్షించడం మన్యానికి కొత్త కాదు. అంటే అమెరికాలో ఒక చట్టాన్నే పుట్టించిన సూక్ష్మజీవి మన జిల్లా ఆస్పత్రికి మామూలు దారిలోనే వస్తూ పోతూ ఉంది. ఇప్పుడు 1979 నాటి సోవియట్ నగరం స్వెర్ద్లోవ్‌స్క్ సంగతి చూడండి. అక్కడ ఆంత్రాక్స్‌తో 60 మందికి పైగా చనిపోయారు. కలుషిత మాంసం తినడం వల్లేనని ప్రభుత్వం ప్రకటించింది. ఏళ్ల తరబడి ప్రపంచం ఆ మాటే విన్నది. అది సైనిక కేంద్రం నుంచి జరిగిన లీకని 1992లో రష్యా అధ్యక్షుడు ఎల్త్సిన్ ఒప్పుకున్నారు. మన మన్యంలో కలుషిత మాంసం నిజం, అక్కడ అది అబద్ధం. రెండు చోట్లా రోగకారకం ఒక్కటే. తేడా తెలియాలంటే ఎవరు ఎక్కడ ఉన్నప్పుడు జబ్బుపడ్డారు, గాలి ఎటు వీచింది, పశువులు ముందు చచ్చాయా మనుషులు ముందు పోయారా అని ఓపిగ్గా లెక్క రాసే మనుషులు కావాలి. అమెరికాలోనే 1984లో ఆరెగాన్ రాష్ట్రంలోని డాలెస్ ఊళ్లో 751 మంది సాల్మొనెల్లా విషాహారంతో జబ్బుపడ్డారు. హోటల్ పనివాళ్ల శుభ్రత లోపమని తొలుత తేల్చారు. రజనీష్ ఆశ్రమవాసులు స్థానిక ఎన్నికలను దెబ్బతీయడానికి సలాడ్ పళ్లేల్లో కావాలని కలిపారన్న నిజం బయటపడడానికి ఏడాది పట్టింది. అదీ లోపలివాళ్లు నోరు విప్పితేనే.

ఏలూరును మనం మరిచిపోకూడదు. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి కుప్పకూలారు. ఫిట్స్, నోట్లో నురగ, కాసేపు స్పృహ లేకపోవడం, తర్వాత కోలుకోవడం. పిల్లలు, పెద్దలు, ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం. రోజుల వ్యవధిలో ఆరు వందలు దాటిన రోగులతో ప్రభుత్వ ఆస్పత్రి నిండిపోయింది. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని ఎన్ఐఎన్, సీసీఎంబీ, ఐఐసీటీ, ఇలా దేశంలోని పెద్ద సంస్థలన్నీ రంగంలోకి దిగాయి. ఒకరు రక్తంలో సీసం, నికెల్ అన్నారు, ఇంకొకరు కూరగాయల్లో పురుగుమందు అన్నారు, నీళ్లలో ఉందేమోనని వెతికారు. చివరికి పురుగుమందు అవశేషాలే ముఖ్య కారణమన్న అభిప్రాయానికి వచ్చారు. అది దాడి కాదు, అలా అనడానికి ఏ ఆధారమూ లేదు. అయినా అసలు దాడి జరిగిన రోజు కూడా ఆస్పత్రి వార్డు సరిగ్గా అలాగే ఉంటుంది. కారణం తెలియని రోగులు, తలో మాట చెప్పే పరీక్షలు, వాట్సాప్‌లో వదంతులు. ఏ నమూనా ఏ సంస్థకు ముందు వెళ్లాలి, ఫలితాలను ఎవరు ఒక్కచోట చేర్చాలి, జనానికి ఒక్క గొంతుతో ఎవరు చెప్పాలి అన్నది ఆ రోజున అధికారుల చొరవ మీద నడిచింది. వాళ్లు చొరవ చూపారు, అది మెచ్చుకోదగ్గదే. మంచి అధికారి దొరికే అదృష్టం మీద మాత్రం ఊరి ప్రాణాన్ని వదిలేయకూడదు.

విశాఖకు ఈ పాఠం ఏలూరు కంటే ఏడు నెలల ముందే అందింది. 2020 మే 7 తెల్లవారకముందు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీదే పడిపోయారు. 12 మంది చనిపోయారు. సైరన్ మోగించే ఏర్పాటు ఉండీ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతాధికార కమిటీ తేల్చింది. ట్యాంకులో రసాయన చర్యను ఆపడానికి కావాల్సిన పదార్థాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది. రసాయన, జీవ, అణు ప్రమాదాలను ఎదుర్కొనే ఎన్డీఆర్ఎఫ్ ప్రత్యేక దళం పుణే నుంచి వచ్చింది. ఆ చివరి మాట దగ్గర ఆగాలి. రేపు సూక్ష్మజీవులతో ఆపద వచ్చినా కదలాల్సింది అలాంటి దళమే. నౌకాదళం, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ, రెండు రేవులు, ఫార్మా సంస్థలు ఒకే ఒడ్డున ఉన్న నగరానికి అది దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం నుంచి రావాల్సి వచ్చింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత చేసిన నిబంధనల పుణ్యమా అని రసాయనాల విషయంలో కనీసం ఫ్యాక్టరీ లోపల ఒక ప్రణాళిక, బయట ఒక ప్రణాళిక ఉండాలన్న షరతైనా ఉంది. దాన్ని పాటించలేదని ప్రశ్నించడానికి వీలుంది. కమిటీ వేయగలిగాం, సైరన్ ఎందుకు మోగలేదని అడగగలిగాం. చట్టంలో బాధ్యత రాసి ఉంటే దక్కే లాభం అదే.

సూక్ష్మజీవుల విషయంలోనూ అలాంటి నిబంధన ఒకటుందని చాలామందికి తెలియదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబరులో వచ్చిన నియమాల ప్రకారం ప్రమాదకర సూక్ష్మజీవులు, జన్యుమార్పిడి జీవులతో పనిచేసే సంస్థలున్న జిల్లాల్లో కలెక్టర్ అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలి. అది ఆ సంస్థలను చూసి రావాలి, ప్రమాదాలను గుర్తించాలి, ఆవరణ బయటి ప్రజలకోసం అత్యవసర ప్రణాళిక రాయాలి. కలెక్టర్ బల్ల మీద ఉండే డజన్ల కొద్దీ కమిటీల్లో ఇదీ ఒకటి. బీటీ పత్తి గొడవల్లో తప్ప మామూలు జనం దీని ఊసే విని ఉండరు. కొత్త చట్టం రావాలనేవారు అన్నీ మళ్లీ మొదటినుంచి కట్టనక్కర్లేదు. ఇలాంటి పాత ఇటుకలను ఏరి ఒక్క గోడగా పేర్చాలి.

పేర్చడం ఎందుకంత అవసరమో రేవు గేటు దగ్గర నిలబడితే అర్థమవుతుంది. విదేశీ ఓడ వచ్చేటప్పుడు కెప్టెన్ ఆరోగ్య ప్రకటన పంపాలి. ప్రయాణంలో ప్రమాదం వల్ల కాకుండా ఎవరైనా చనిపోయారా, అంటురోగమని అనుమానించే జబ్బుతో ఎవరైనా ఉన్నారా, జబ్బుపడినవారు మామూలు కంటే ఎక్కువా అని దానిలో ప్రశ్నలు. ఓడ పసుపు జెండా ఎగరేసి అనుమతి కోరుతుంది. పోర్ట్ హెల్త్ ఆఫీసర్ సరేనన్నాకే మనుషులు, సరుకు దిగాలి. ఆయన కేంద్ర ఆరోగ్య శాఖ అధికారి, ఎందుకంటే రాజ్యాంగంలో రేవు క్వారంటైన్ కేంద్ర జాబితాలో ఉంది. గేటు దాటి కాన్వెంట్ జంక్షన్ వైపు నాలుగడుగులు వేస్తే ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోకి వెళ్లిపోతుంది. చెత్త, నీళ్లు, దోమలు నగరపాలక సంస్థ జీవీఎంసీవి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటురోగం పాకకుండా చూడడం ఉమ్మడి జాబితాలోని ముచ్చట. ఓడలో జ్వరంతో దిగిన నావికుడు ఊళ్లో లాడ్జిలో పడుకుని కేజీహెచ్‌లో చేరి, అతని తోటివాడు రైలెక్కి ఒడిశాలోని ఖుర్దా రోడ్డులో దిగితే ఆ ఒక్క జబ్బు మూడు జాబితాలనూ దాటేసినట్టు. సూక్ష్మజీవికి జాబితాలు తెలియవు. వాటి మధ్య సమాచారం ఎన్ని గంటల్లో, ఎవరి నుంచి ఎవరికి వెళ్లాలో ఒక్క చట్టంలో, సెక్షన్ నంబరుతో రాసి ఉండాలి.

సన్నద్ధత ఆస్పత్రి గోడల మధ్యే ఉండదనడానికి విశాఖ ఉక్కు ఫ్యాక్టరీయే సాక్ష్యం. 2021 ఏప్రిల్ 22న దేశంలో మొట్టమొదట సరుకు నింపుకున్న ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఆ ఫ్యాక్టరీ నుంచే మహారాష్ట్రకు కదిలింది. ఏడు ట్యాంకర్లు, వంద టన్నులకు మించిన ద్రవ ఆక్సిజన్. ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్లలో ఊదడానికి ఫ్యాక్టరీ తయారుచేసుకునే ఆక్సిజన్ నాగపూర్ వార్డుల్లో ఊపిరైంది. ఆ పని చేసిన కార్మికులకు, రైల్వేవాళ్లకు దేశం రుణపడి ఉంది. అయితే ఆ ఆలోచన పుట్టింది వార్డుల్లో జనం ఊపిరాడక పోతున్నప్పుడు. ఫలానా ఫ్యాక్టరీలో ఇంత ఆక్సిజన్ ఉంది, అత్యవసరంలో ఇన్ని గంటల్లో ఇంత మళ్లించాలి, ట్యాంకర్లు ఇక్కడ ఉంటాయి అన్న జాబితా ముందే ఉండి ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో. మందుల సంగతీ అంతే. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టగానే టెట్రాసైక్లిన్ దుకాణాల్లో ఖాళీ అయింది, లక్షల మంది ఊరొదిలి పారిపోయారు. ఆ మందుల కుటుంబానికి ఆద్యమైన ఆరియోమైసిన్ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలో లెడర్లీ ప్రయోగశాలలో బయటపడింది. మందు కనిపెట్టడంలో మనవాడి చేయి ఉంది, మందు నిల్వ ఉంచడం దగ్గరే మన చట్టం మూగబోయింది.

కాబట్టి కొత్త చట్టం ప్రభుత్వానికి అధికారాలిచ్చే ముందు పనులు అప్పగించాలి. ప్రమాదకర సూక్ష్మజీవులు దాచే ప్రతి ప్రయోగశాలకూ నమోదు, లెక్క, తనిఖీ ఉండాలి. మన లాంటి రేవు నగరమే అయిన సింగపూర్‌లో 2003లో ఒక పరిశోధక విద్యార్థికి ప్రయోగశాలలోనే సార్స్ సోకింది. రెండేళ్లకు, 2005లో, వాళ్లు జీవకారకాలు, విషాల చట్టం చేసుకున్నారు. ఏ సూక్ష్మజీవి ఎవరి దగ్గర ఉండవచ్చో అందులో జాబితాలున్నాయి. దాడి జరగకుండానే చేసిన చట్టమది. పీహెచ్‌సీ డాక్టరు, పశువైద్యుడు, ప్రైవేటు ల్యాబు అనుమానం కలిగిన వెంటనే చెప్పాల్సిన చోటు ఒక్కటే ఉండాలి. నమూనా ఎక్కడికి వెళ్లాలో, ఎన్ని గంటల్లో జవాబు రావాలో రాసి ఉండాలి. ఏఎన్ఎం, డాక్టరు, ల్యాబు తలో పత్రం నింపి పంపే వ్యాధి నిఘా వ్యవస్థ 2004 నుంచి మనకుంది. దానికి చట్టబద్ధమైన బలమే తక్కువ. ఇక ప్రతి ఏడాదీ రేవు, నౌకాదళం, ఫ్యాక్టరీలు, కేజీహెచ్, జీవీఎంసీ కలిసి ఒక మాక్ డ్రిల్ చేసి, అందులో బయటపడ్డ లోపాలను ప్రజల ముందు పెట్టాలి.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం అధికార దుర్వినియోగం గురించి. నేను దాన్ని తేలిగ్గా తీసేయను. ఉగ్రవాదం అన్న మాట చట్టం పేరులో చేరితే ప్రతి జ్వరమూ పోలీసు కేసవుతుందేమోనన్న భయం న్యాయమైనదే. 2017 ముసాయిదాలో కూడా బాధ్యతల కంటే అధికారాలే ఎక్కువ కనిపిస్తాయి. అమెరికాలోనూ చేదు అనుభవం ఉంది. 2003లో టెక్సాస్ ప్లేగు పరిశోధకుడు థామస్ బట్లర్ తన ప్రయోగశాలలో 30 సీసాలు కనిపించడం లేదని తానే చెప్పి, చివరికి ఎక్కువగా వేరే ఆరోపణల మీద జైలుకెళ్లారు. అది చూసి ఎందరు శాస్త్రవేత్తలు నోరు కట్టేసుకున్నారో. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాస్పత్రి మత్తు వైద్యుడు మాస్కులు చాలడం లేదని బహిరంగంగా అన్నాక సస్పెండయ్యారు. లోపం చెప్పినవాడికి శిక్షపడే చోట తొలి రోగి కబురు పైకి రాదు. అందుకే నిజాయితీగా సమాచారమిచ్చిన వైద్యుడికి, ల్యాబు ఉద్యోగికి రక్షణ, క్వారంటైన్‌లో పెట్టిన కూలికి ఆ రోజుల కూలి, ఆదేశాలకు గడువు, గడువు పొడిగించాలంటే శాసనసభ ఆమోదం, బాధితుడికి అప్పీలు చట్టంలోనే ఉండాలి. ఇవి లేని 1897 చట్టమే దుర్వినియోగానికి ఎక్కువ చోటిస్తోంది. భయపడాల్సింది ఇప్పుడున్న దాన్ని చూసి.

ఇంకొందరు విపత్తు నిర్వహణ చట్టం ఉండగా ఇదెందుకంటారు. 2005 నాటి ఆ చట్టం కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008లోనే జీవ విపత్తులపై వివరమైన మార్గదర్శకాలు ఇచ్చింది. చదివితే మంచి పత్రమే. మార్గదర్శకం పాటించకపోతే అడిగే హక్కు పౌరుడికి ఉండదు, అదే దాని బలహీనత. పైగా తుపాను కళ్లకు కనిపిస్తుంది, హుద్‌హుద్‌కు పేరుతో సహా నాలుగు రోజుల ముందే కబురందింది. రోగం వచ్చాక గానీ వచ్చిందని తెలియదు. అరుదైన దాడి కోసం ఇంత ఖర్చా అన్నదానికి జవాబు ఇంతకుముందే వచ్చింది. దాడిని పసిగట్టే ల్యాబే మన్యంలో ఆంత్రాక్స్‌ను పసిగడుతుంది, ఏలూరు లాంటి రోజున పురుగుమందును పసిగడుతుంది. దాడి ఎన్నటికీ రాకపోయినా ఆ ఖర్చు ఏటా వానాకాలంలో తిరిగి వస్తుంది.

ఢిల్లీ కదిలేదాకా మనం కాచుకుని కూర్చోనక్కర్లేదు. ప్రజారోగ్యం రాష్ట్ర విషయమే. కోస్తా జిల్లాలకు వర్తించే ప్రజారోగ్య చట్టం 1939లో ఉమ్మడి మద్రాసు శాసనసభ చేసినది. ఆ రోజుల్లో దేశానికే మార్గం చూపిన చట్టం. అంటురోగం కనిపెట్టిన వైద్యుడు అధికారికి తెలియజేయాలని అప్పుడే రాశారు. మలబారుకూ ఆ చట్టమే ఉండేది. కేరళ దాన్ని, 1955 నాటి తిరువాన్కూరు-కొచ్చిన్ చట్టాన్ని కలిపి తీసేసి 2023లో కొత్త ప్రజారోగ్య చట్టం చేసుకుంది. అమరావతిలో కూర్చుని అదే పని చేయడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కేంద్రం అనుమతి కోసం ఏళ్లు ఆగక్కర్లేదు. రేవు గేటుకు ఇవతలున్న విశాఖకు రాష్ట్ర చట్టంగా ఈరోజు వర్తిస్తున్నది మాత్రం ఇంకా ఆ 1939 చట్టమే. అది మద్రాసులో పాసైననాటికి విశాఖ రేవుకు ఇంకా ఆరేళ్లు నిండలేదు.